తీయువారు, దిగువారు

మన భాషయందు ఛాయాచిత్రమునకు సంబంధించిన మాటలలో ఒక చిన్న విశేషము కలదు. కెమెరాను చేతబట్టినవాడు ఫోటో తీయును. దాని యెదుట నిలిచినవాడు ఫోటో దిగును. ఏటిలో దిగినట్లు, బావిలో దిగినట్లు, మనవారు ఫోటోలో దిగుదురు. ఈ మాటను మొదట పుట్టించినవారెవరో కాని తెలివిగలవారు. తీయువాడు గట్టుననే యుండును. వాని కాలు తడియదు. దిగినవాడు తన ముఖమును, తన యొడలిని, తన ప్రక్కనున్నవారితో తనకు గల పొత్తును గూడ నీటిలోనికి దింపవలసియున్నది. ఇంగ్లీషువారు ఇదే పనికి తుపాకి పేల్చుటకు వాడు క్రియనే వాడుదురు. సూసన్ సోంటాగ్ అను అమెరికా రచయిత్రి 1977లో వెలువడిన తన గ్రంథమున కెమెరాకును తుపాకికిని గల చుట్టరికమును గూర్చి చర్చించినది. మన మాటలో తుపాకి లేదు. గట్టు మాత్రము ఉన్నది.

నేను ఆ గట్టుమీద చాలకాలముగా నిలిచియున్నవాడను. వృత్తిచేత ఛాయాగ్రాహకుడను కాను. ఎచ్చెర్లకు సమీపమున కాపురముండి, ప్రొద్దుట నడకకు పోవునపుడు చిన్న కెమెరా నొకదానిని సంచిలో వేసికొనిపోవు అలవాటు గలవాడను. అరసవల్లి దేవాలయమును, శ్రీకూర్మమును, శాలిహుండము కొండమీది బౌద్ధ శిథిలములను నాకంటె నేర్పరులు ఎందరో చిత్రించియున్నారు. వానిజోలికి నేను పోను. నాకు కావలసినది ఒక మనుష్యునికిని మరియొక మనుష్యునికిని నడుమ, ఒక్కొక్కప్పుడు వారికే తెలియకుండ, జరుగుచుండు చిన్న పని. పరుల ప్రేమను మనము గమనించినపుడు ఆ గమనించినది మనకు ఏమగును? మన సొత్తగునా, లేక మనమీద నొక అప్పగునా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో దొరకినది కాదు. నేను చేసిన ఒక తప్పువలన దొరకినది. దానిని చెప్పుటకు ముందు, తప్పు కాని సంగతి యొకటి చెప్పెదను.

ఎచ్చెర్ల చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు జాతీయ రహదారి మీద నున్నది. 2008లో ఇచ్చట డాక్టరు బి. ఆర్. అంబేద్కరు పేర విశ్వవిద్యాలయము ఏర్పడినది మొదలు, తరగతులు తెరచు దినములలో చుట్టుప్రక్కల పల్లెలనుండి తల్లిదండ్రులు పిల్లలను దిగబెట్టుటకు వచ్చుచుందురు. అట్టి యొక దినమున రోడ్డుప్రక్కను ఒక తండ్రియు కూతురును నిలిచియుండిరి. తండ్రి పంచె మోకాళ్లదాక ఎగగట్టి, తువాలు భుజమున వేసికొనియుండెను. అరగంటసేపు వారు ఒకరితో ఒకరు పలుకలేదు. వారి వెనుకనుండి గడ్డి మోపులు మితిమీరి యెత్తుకొని ఒక లారీ ఒరిగి పోవుచుండగా, దాని వింత చూచి నేను బొమ్మ తీసితిని. నా దృష్టి అంతయు లారీమీదనే.

రాత్రి ఇంటికి వచ్చి పెద్దదిచేసి చూచితిని. లారీ అలుకుకొనిపోయినది, బొమ్మ దండుగ యనుకొంటిని. పారవేయబోవుచు, కూతురి భుజమున వ్రేలాడు సంచికి పట్టీ మిగులు కొస యొకటి క్రిందికి జారియుండుట చూచితిని. ఆ కొసను తండ్రి తన రెండు వ్రేళ్ల నడుమ పట్టుకొనియుండెను. కూతురు రోడ్డువంక చూచుచున్నది, ఆమెకు తెలియదు. తండ్రియు వేరొకవంక చూచుచున్నాడు. ఆయనకును తెలియునో లేదో. తిరునాళ్లలో బిడ్డ తప్పిపోవునని చొక్కా కొంగు పట్టుకొను చేయి అది. బిడ్డ ఎదిగిపోయినది, చేయి మాత్రము ఆ సంగతి నెరుగదు.

మన ప్రాంతమున ప్రేమ నోట పలుకుట తక్కువ. తిన్నావా యని అడుగుటయే మా తల్లుల ప్రేమ ప్రకటనము. కాబట్టి ఇచ్చట చూడ నేర్చినవాడు చేతులను, చెంగులను, సంచుల కొసలను చూడవలెను. కాని కన్ను తాను వెదకినదానినే చూచును. నా కన్ను లారీని వెదకినది. కెమెరాకు వెదకుట లేదు. చట్రములో పడినదెల్ల అది పట్టుకొనును. తరువాత, తొందర తీరినపుడు, ఆ పట్టుకొన్న రాశిలో మనము ఏరుకొనవలెను. ఈ విధముగ నా జీవితమున నేను గమనించిన మంచి విషయములలో సగము, అవి జరుగునపుడు నేను గమనింపనివే. సిగ్గుపడవలసిన మాటయే, అయినను నిజము.

ఛాయాచిత్ర చరిత్రయందు దీనికి పూర్వపు నిదర్శనములు కలవు. 1839లో దగేరు తన పద్ధతిని లోకమునకు వెల్లడించినపుడు ఒక్క బొమ్మకు నిమిషముల కొలది వెలుతురు పట్టవలసియుండెడిది. తరువాత ఆ కాలము తగ్గినను, పసిపిల్లలు కదలక కూర్చుండుట అసాధ్యము. అందుచేత ఐరోపాలోని ఫోటోశాలలలో తల్లిమీద దుప్పటి కప్పి, ఆమెను కుర్చీవలె కూర్చుండబెట్టి, ఒడిలో బిడ్డను నిలిపి బొమ్మ తీసెడివారు. తరువాత అట్ట చట్రము వేసి ఆ దుప్పటి గూడ చాలవరకు కనబడకుండ చేసెడివారు. తల్లి లేనట్లు చూపవలెనని వారి తాపత్రయము. ఈనాడు ఆ బొమ్మలను చూచువారికి బిడ్డ ముఖముకంటె ఆ దుప్పటియే ముందుగ కంటబడుచున్నది.

మా యింట నా పసితనపు ఫోటో యొకటి కలదు. పీటమీద ఒంటరిగ, మహా ధీరునివలె కూర్చుండియుందును. కొన్ని సంవత్సరముల క్రిందట చెదలు పట్టినదని అట్టను ఊడదీయగా, బొమ్మ అంచున గాజులు వేసికొన్న చేయి యొకటి నా వీపు నానియుండుట బయటపడినది. ఫోటోశాలవాడు దానిని అట్టక్రింద దాచివేసినాడు. ఒంటరిగ కూర్చుంటినని అంతవరకు నేను గర్వపడుచుండెడివాడను!

పొందూరులో సన్నని ఖద్దరు వడకు స్త్రీలను చిత్రించుటకు దూరదేశములనుండి జనులు వత్తురు. చిలకపాలెము కూడలివద్ద రహదారి విడిచినచో ఆ యూరు ఎంతో దూరము కాదు. అచ్చట ప్రత్తిని వాలుగ చేప దవడ యెముకతో దువ్వి శుభ్రపరతురు. అది నిజముగ చూడదగిన వింతయే. అందుచేత వచ్చిన ప్రతివాడును ఆ దవడను, దానిని పట్టుకొన్న ముడుతల చేతిని బొమ్మ తీసికొనిపోవును. పనిచేయుచు ఆ చేతితో మాటలాడుచున్న ప్రక్కామె చట్రమునకు వెలుపల నుండిపోవును. వింతను చూచు కన్నునకు ఇద్దరు అక్కరలేదు. పొత్తు చూచు కన్నునకు ఒక్కరు చాలరు.

ఇట్టి మాటలు వ్రాయుచు నన్ను నేను పొత్తు చూచు కన్నులవానిగ భావించుకొనుచుండిన కాలముననే ఆ తప్పు జరిగినది.

ఎచ్చెర్ల మండలమునకు తూర్పున సముద్రము. శ్రీకాకుళము జిల్లాకు 193 కిలోమీటర్ల తీరమున్నను, పెద్ద పడవలు నిలుచుటకు తగిన రేవు లేని లోటు తరతరములుగ ఇచ్చటి మత్స్యకారులను బాధించుచు వచ్చినది. వేట సాగక మగవారు వేనవేలుగ గుజరాతులోని వెరావలు మొదలగు రేవులకు కూలికి పోవుచు వచ్చిరి. వానలకాలమున పోయినవారు ఏప్రిలు ప్రాంతమున గాని తిరిగిరారు. 2018 నవంబరులో అట్లు పోయిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు ఇరువదిమందికి పైగా సముద్రముమీద పాకిస్తాను వారికి పట్టుబడి కరాచీ చెరసాల పాలైరి. ఎచ్చెర్ల మండలములోని డి. మత్స్యలేశము వారును అందు కలరు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దువద్ద మన దేశమున అడుగుపెట్టిరి. అనగా 2019వ సంవత్సరపు క్యాలెండరు మొదటి పుట మొదలు చివరి పుటవరకు ఆ యిండ్లలో మగవాడు లేకయే తిరిగినది. ఈ కథను 2025లో 'తండేల్' అను పేర సినిమాగ తీసిరి. సినిమాలో ప్రేమకు పాటలుండును. ఆ తీరపు పల్లెలలోని ప్రేమకు గోడలుండును; ఆ గోడలకు మేకులుండును.

అట్టి పల్లె యొకదానిలో (పేరు చెప్పను) ఒక ఫిబ్రవరి మాసమున నేను ఒక యింటి వాకిట నిలిచి, లోపల గోడమీద పడుచున్న వెలుతురు బాగున్నదని, బొమ్మ తీసికొనవచ్చునా యని ఆ యింటామెను అడిగితిని. భర్త వెరావలులో నున్నాడు. ఆమె నవ్వి, "ఈ కొంపకి పోటో యేటి బాబూ! తీసుకోండి, మీకు సరదా అయితే" అనెను. తీసితిని. దేవుని పటము, దానిక్రింద కిరాణా దుకాణమువారు పంచిపెట్టు క్యాలెండరు, ప్రక్కను గూటిలో అద్దము, కుంకుమ భరిణె.

ఈసారి కన్ను లారీని వెదకలేదు. అక్కడనే చూచితిని. క్యాలెండరులో జనవరి ఒకటవ తేదీ మొదలు ఆనాటివరకు ప్రతి తేదీ గడిలోను ఒక చిన్న కుంకుమ మరక. ప్రొద్దుట బొట్టు పెట్టుకొనిన పిమ్మట వ్రేలికి మిగిలిన కుంకుమను ఆమె ఆ దినపు గడికి అంటించుచున్నది. అదే మేకునకు వెనుక పాత సంవత్సరపు క్యాలెండరు ఇంకను వ్రేలాడుచుండెను. అంచు తొలగి కనబడుచున్న పుటలోను అవే మరకలు. తూర్పు తీరమున ఏప్రిలు 15 మొదలు 61 దినములు యంత్రపు పడవల వేట నిషేధము. పడమటికి పోయినవారును ఆ ఋతువు ముగియు వేళకే ఇండ్లకు చేరుదురు. ఆమె దినములు లెక్కించుచున్నది. ఆమె ఆ లెక్కను ఎవరికిని చెప్పలేదు, నాకును చెప్పలేదు. నేను చూచితిని. గొప్ప నిధి దొరకినట్లు సంతోషించితిని.

ఆ బొమ్మను పట్టణమున ఒక ప్రదర్శనమునకు పంపితిని. మెచ్చుకొనిరి. ఎవరో దానిని తమ ఫోనులో పట్టి పదిమందికి పంపిరి. ఆ పదిమంది నూరుమందికి పంపిరి. దాని క్రింద నేనొక వాక్యము వ్రాసియుంటిని. అది ఇప్పుడు తలచుకొనిన చెవులు కాలుచున్నవి గనుక ఇచ్చట వ్రాయను. ఆమె పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు, ఆమె ముఖమైనను చూపలేదు. కావున నావలన ఎవరికిని హాని లేదని నమ్మితిని. ఆ యూరి కుర్రవాడొకడు దేవుని పటము మీది పగులును బట్టి గోడను గుర్తుపట్టినాడు.

మార్చి చివర, అచ్చువేయించి చట్రము కట్టించిన ప్రతినొకదానిని తీసికొని, కానుక యిచ్చు పెద్దమనిషివలె ఆ యింటికి పోయితిని. క్యాలెండరు మార్చి నెల తెరచియుండెను. గడులన్నియు తెల్లగ నుండెను. నేను దానివంక చూచుట ఆమె చూచెను.

"మీరు సూసీసినారు గదా బాబూ. ఊరంతా సూసీసినాది. కొళాయికాడ ఒకటే ఎకసెక్కాలు. ఇంకేటి బొట్లెడతాను" అనెను.

కోపముతో అనలేదు. నాకు పీట వేసి టీ యిచ్చెను. చట్రమును రెండు చేతులతో పుచ్చుకొని, చూచి, బాగున్నదని చెప్పి, ట్రంకుపెట్టెలో చీరలక్రింద పెట్టివేసెను. ఆ టీ త్రాగుట వంటి కష్టమైన పని నేను ఈ మధ్య చేసియుండలేదు. భర్త ఏప్రిలులో క్షేమముగ వచ్చెనని తరువాత వింటిని. ఆ వచ్చుట లెక్కలేని దినములు దాటి వచ్చుట. ఆ లెక్కను చెరిపినవాడను నేను.

నా తప్పు ఏది? అనుమతి లేక తీసితినా? లేదు; అడిగియే తీసితిని. కాని నేను అడిగినది గోడను. ఆమె యిచ్చినది గోడను. నేను తీసికొనిపోయినది వేరు. వాకిలి తెరచి చూపినవారు పెట్టె తెరచి చూపినట్లు కాదు. ఈ భేదము మన ఛాయాగ్రాహకులలో పలువురు పాటింపరు. బొమ్మ తీయుటకు సెలవడుగుట మర్యాదయని ఇప్పుడిప్పుడు నేర్చుచున్నారు, సంతోషము. కాని గమనించినదానికి సెలవడుగుట యని వేరొకటి యున్నది. "అమ్మా, నీ క్యాలెండరుమీది ఈ మరకలు నేను చూచితిని, వీనిని నలుగురికి చూపవచ్చునా?" అని నేను అడిగియుండవలెను. అడుగలేదు. ఎందుకనగా, అడిగినచో వలదనునేమో యని నా మనస్సునకు లోలోపల తెలియును. అడుగుటకు భయపడిన చోటనే తప్పు మొదలైనది.

రోలా బార్తు అను ఫ్రెంచి రచయిత 1980లో ఛాయాచిత్రమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. చనిపోయిన తన తల్లి చిన్ననాటి ఫోటో యొకటి ఆ గ్రంథమునకు మూలాధారము. గ్రంథమున ఎన్నియో బొమ్మలు వేసినను ఆ యొక్కదానిని వేయలేదు. అది తనకు మాత్రమే కలదు, చదువరికి అది వేలకొలది మామూలు బొమ్మలలో ఒకటి యగునని ఆయన తలచినాడు. మొదట చదివినపుడు ఇది పిసినారితనమని నాకు తోచినది. ఇప్పుడు అట్లు తోచుట లేదు. మన తెలుగు దేశముననే, నిజాము కొలువున ప్రసిద్ధి గాంచిన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళు 1892లో హైదరాబాదున స్త్రీల కొరకు వేరుగ ఫోటోశాల నొకటి తెరచి దానిని ఒక ఆంగ్ల వనిత చేతిలో పెట్టెను. ఘోషాను నేను సమర్థించుట లేదు. కాని చూచువారెవరు, ఎచ్చటనుండి చూచుచున్నారు అను ప్రశ్న దిగువారిది గూడ నని ఆ వ్యాపారి యెరుగును.

ఇందుకు గట్టి ఆక్షేపణ యొకటి కలదు; దానిని నేనే నామీద తెచ్చుకొందును. అందరును ఇట్లు సంకోచించినచో, 1943 నాటి వంగదేశపు కరవును సునీల్ జానా చిత్రింపకయుండిన, ఆ యెముకల గూళ్లను లోకము చూచియుండునా? ఆకలితో పడియున్నవానిని సెలవడిగి తీయుట ఎట్లు? నిజమే. ఒకరివలన మరియొకరికి కలిగిన కీడును చూపుట వేరు, అది సాక్ష్యము. ఎవరికిని కీడు చేయని మమతను చూపుట వేరు. దానికి న్యాయస్థానము లేదు, సాక్షి అక్కరలేదు. ఇట్లు విభజించి కొంతకాలము నెమ్మదిగ నుంటిని.

కాని ఆ విభజనము నిలువలేదు. ఆ కుంకుమ మరకలు వట్టి మమతయా? 193 కిలోమీటర్ల తీరముండియు, ఇల్లు విడిచి దేశపు ఆవలి యంచునకు పోవలసివచ్చిన వాని భార్య వ్రాసిన జమాఖర్చు కాదా అవి? ఆ లెక్కను ప్రభుత్వము చూడవలసియున్నది, మనమందరము చూడవలసియున్నది. అప్పుడు దాచుటయు తప్పే యగును. ఈ చిక్కును నేను పూర్తిగ విప్పలేదు. ఒక్కటి మాత్రము గట్టిగ అనగలను: చూపవలెనా వలదా యని నిర్ణయించు అధికారము గట్టుననున్న నాది కాదు. ఆమెను అడిగియుండిన, ఆమె "సూపించండి బాబూ, మా బాద తెలస్తాది" అనియుండునేమో! అప్పుడు అదే బొమ్మ ఆమె చేతి అర్జీ యైయుండెడిది. నేను దానిని నా కళగ మార్చితిని.

చదువరులు నన్ను ఒకటి అడుగవచ్చును: మరి ఆ తండ్రి బొమ్మ మాట యేమి? ఇప్పుడు దానిని గూర్చి ఇంత వ్రాసితివి గదా! ఆ ప్రశ్న నన్ను గూడ బాధించినది. దానిని ఎవరికిని పంపలేదు. బల్ల సొరుగులో రెండేండ్లు ఉంచితిని. చూపకుండుటయే ధర్మమైనచో పని తీరినట్లే. కాని సొరుగు తీసినపుడెల్ల, ఇది నాది కాదు గదా, ఎవరిదో నాయొద్ద నున్నది గదా యని తోచుచుండెను. దొరకిన ఉంగరమును వీధిలో ఊరేగించుట తప్పైనచో, పెట్టెలో దాచికొనుట ఒప్పగునా?

మొన్న చలికాలమున అదే రోడ్డుప్రక్కను ఆ పిల్లను మరల చూచితిని. చదువు చివరికి వచ్చినదట. ఒంటరిగనే నిలిచియుండెను. మరునాడు బొమ్మ తీసికొనిపోయి, ఎట్లు తీసితినో చెప్పి, ఆమెకు ఇచ్చితిని. కుంకుమ మరకల సంగతి తెలిసినవాడను గనుక, పట్టీ కొస మాట చెప్పవలెనా, ఆమెనే చూడనీయవలెనా యని చివరి క్షణమువరకు తేలలేదు. చెప్పలేదు.

ఆమె మొదట తన ముఖము చూచికొని, "అప్పుడు ఎంత సన్నగా ఉన్నానో" అనెను. తరువాత లారీని చూచి నవ్వెను. తరువాత నవ్వు ఆగెను. చాలసేపు ఏమియు అనలేదు. చిలకపాలెమువైపు నుండి బస్సు వచ్చుచుండెను. ఆమె బొమ్మను పుస్తకములో పెట్టి, ఆ పుస్తకమును సంచిలో పెట్టి, సంచి భుజమున వేసికొనుచు, వ్రేలాడుచున్న పట్టీ కొసను ఒకసారి ముట్టి చూచికొనెను. ఈ విషయము వ్రాసికొందునా, పేరు ఊరు లేకుండ, అని అడిగితిని. ఆలోచించి, వ్రాసికొమ్మనెను.

"మా అయ్యకి మాత్రం చెప్పకండి సార్. తెలిస్తే మళ్లీ పట్టుకోడు" అని బస్సు ఎక్కెను.